‘పాడైంది’ అనొద్దన్న మనిషి

మొన్న ఒంగోలు బస్టాండులో పొదిలి బస్సు కోసం నిలబడ్డాను. ఏ బస్సు ఎక్కడికి వస్తుందో చూపించే ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి కొత్తగా పెట్టారు. ఇంగ్లీషులో ఊళ్ళ పేర్లు శుభ్రంగా వస్తున్నాయి. తెలుగు వరస వచ్చేసరికి అక్షరాల బదులు గళ్ళు. ఎవరూ దిగని లాడ్జి కిటికీల్లాగా పక్కపక్కనే ఖాళీ గళ్ళు. జనం దాని కిందే నిలబడి “ఇది కనిగిరిదా, పొదిలిదా” అని ఒకరినొకరు అడుక్కుంటున్నారు. ఎవరికీ కోపం లేదు. నాకొచ్చింది. విచారణ కౌంటరు దగ్గరికి పోయి అడిగాను.

“అది పాడైంది పెద్దాయనా,” అన్నాడు లోపలతను తలెత్తకుండా.

“పాడవలేదయ్యా. దాంట్లో తెలుగు ఫాంటు పెట్టలేదు.”

“అదేలే. పాడైంది.”

ఆ మాటకి పొదిలిలో కంప్యూటర్ సెంటర్ నడిపిన ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడే గనక అక్కడుంటే చేతులు వెనక్కి కట్టుకొని, మడమల మీద కొంచెం ఊగుతూ, “పాడైంది అనొద్దు బాబూ. అది ఏమందో చెప్పు,” అనేది. అతను చెప్పేదాకా కదిలేది కాదు. వెనక ఎంత వరస పెరిగినా ఆవిడకి పట్టేది కాదు.

నిరుడు ఎండాకాలంలో పోయింది. గుండె అన్నారు. నాకు తెలిసేసరికి భూస్థాపన కూడా అయిపోయింది. పేరు రాయను. ఆవిడే ఎక్కడా రాసుకోలేదు. సెంటరు బోర్డు మీద ‘కంప్యూటర్ నేర్పబడును’ అని మాత్రం ఉండేది. అందరికీ టీచరమ్మ. నాకూ అంతే.

ఆవిడ దగ్గరికి నేను ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే ఆ ఏటి వాన సంగతి చెప్పాలి. ఆ ఏడు మా మండలాన్ని కరువు జాబితాలో వెయ్యలేదు. జాబితాలో ఉంటే అప్పులకి వాయిదా దొరుకుతుంది, పెట్టుబడి సాయం వస్తుంది, ఉపాధి పనులు పెంచుతారు. లేకపోతే ఏదీ లేదు. ఊళ్ళో మిరప నారు నాటిన ప్రతి చేనూ ఎండింది. ఎండిన చేలల్లో కలుపు పనీ ఉండదు గనక కూలిజనం కూడా ఎండారు. ఆఫీసులో అడిగితే ఒక పట్టిక చూపించారు. ఏడాది మొత్తం వాన మామూలు. నెలవారీ వాన మామూలు. “కాగితం మీద కరువు కనపడట్లేదండీ,” అన్నాడు గుమాస్తా, అదేదో మా తప్పయినట్టు. అభ్యంతరాలు వినడానికి జిల్లా నుంచి ఒక బృందం వస్తుందని, చెప్పుకునేదేమైనా ఉంటే వాళ్ళకి చెప్పుకోమని పంపించాడు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసి, తర్వాత ఊరికొచ్చి సేద్యంలో పడ్డాను. తెలుగు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు పురుగుమందు డబ్బాల మీద. చాలాకాలంగా డాబా మీద వానకొలత పెట్టుకొని రోజూ చూస్తున్నాను. గరాటు, సీసా, గీతలున్న గాజుగొట్టం. “వానని సీసాలో పోసి అమ్ముతాడా ఏంటి ఈయన” అని ఊళ్ళో నవ్వేవాళ్ళు. లెక్క నా దగ్గరుంది. కానీ అంకెలు చదివి వినిపిస్తే ఎవరూ వినరని నాకు తెలుసు. పేపర్లలో వేస్తారు చూడండి, కడ్డీలు కడ్డీలుగా గ్రాఫులు, అలాంటిది వేసి ఎదురుగా పెడితే కాదనలేరని అనుకున్నాను. పైథాన్ అని ఒక భాష ఉంది, దాంతో కంప్యూటర్ చేత గ్రాఫు గీయించవచ్చని ఫోనులో వీడియోలు చెప్పాయి. గుంటూరు పోయి పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చాను. “ఈ వయసులో మీకెందుకండీ” అన్నవాళ్ళ పేర్లు అన్నీ గుర్తున్నాయి, ఇక్కడ రాయడం లేదు.

వీడియో చెప్పినట్టే చేశాను. గ్రాఫులు గీసే సరంజామాని, దాన్ని లైబ్రరీ అంటారు, నెట్‌లోంచి తెప్పించాను. వచ్చిందని అదే చెప్పింది. తీరా గీయమంటే అలాంటిది ఇక్కడ లేదంది. మళ్ళీ తెప్పించమంటే ఇప్పటికే ఉంది కదా అంది. ఒకే నోటితో ఉందనీ లేదనీ అనే మనుషుల్ని యార్డులో చూశాను, యంత్రాన్ని చూడటం అదే మొదలు. సంచిలో పెట్టుకొని పొదిలి బస్సెక్కాను.

ఆవిడ సెంటరు దర్జీ మస్తాన్ కొట్టు మీద. మెట్ల పక్క గోడ మీద నీలం రంగుతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: ‘చెప్పులు కింద విడవండి. ఏమందో చదువుకొని పైకి రండి.’ చెప్పుల సంగతి అర్థమైంది. రెండోది అర్థం కాలేదు. మస్తాన్ మిషను ఆపి, “చదివారా పెద్దాయనా? చదవకుండా పోతే మళ్ళీ కిందికే పంపిద్ది,” అన్నాడు.

పైన నర్సు ట్రైనింగు పిల్లలు ఇద్దరు ఏదో టైపు చేసుకుంటున్నారు. ఆవిడ వాళ్ళ వెనక చేతులు కట్టుకొని నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. నూలుచీర, బుగ్గన లవంగం.

“పాడైందమ్మా,” అని లాప్‌టాప్ బల్ల మీద పెట్టాను.

“పాడైంది అనొద్దు బాబాయిగారూ. ఏమందో చదవండి.”

ఫోనులో ఫొటో తీసుకొచ్చానని చూపించబోయాను. మొహం తిప్పుకుంది. “ఫొటోలు నాకొద్దు. తెరిచి, మీ నోటితో చదవండి. కిందనుంచి.”

“కిందనుంచి ఏంటి?”

“పైనంతా అది ఏ దారిన వచ్చిందో చెప్పుకుంటది. ఎక్కడ కాలు జారిందో అడుగునుంటది.”

ఆ మాట నాకు వెంటనే పట్టింది. యార్డులో బస్తా పైన ఉన్న కాయ చూసి ఎవడూ ధర కట్టడు. చెయ్యి అడుక్కి పోవాలి. చదివాను. పురుగుమందు డబ్బాల ఇంగ్లీషూ ఇదీ ఒకటే తీరు, రెండూ ప్రమాదం జరిగాక మాట్లాడతాయి. ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు, అర్థం చెప్పలేదు. నేను పూర్తి చేశాక, “ఇప్పుడు తెప్పించేదాన్ని అడగండి, నువ్వెక్కడుంటావని. తర్వాత నడిపేదాన్ని అడగండి, నువ్వెక్కడుంటావని,” అంది. ఏ మీట నొక్కాలో చెప్పింది గానీ తను ముట్టుకోలేదు. ఆవిడ ఎవరి కీబోర్డూ ముట్టుకోదు. “నా చేత్తో చేస్తే నా చేతికే వచ్చిద్ది,” అనేది.

రెండూ రెండు చోట్లు చెప్పాయి. ఆ లాప్‌టాప్ పాత ఆసామి ఒక పైథాన్ పెట్టుకొని ఉన్నాడు. నేను ఇంకొకటి పెట్టాను. లైబ్రరీ వచ్చి అతని దాంట్లో కూర్చుంది. నేను నా దాంట్లో వెతుకుతున్నాను.

“అంటే అమ్మా, బస్తాలు ఒక కోల్డ్ స్టోరేజీలో దించి, ఇంకో కోల్డ్ స్టోరేజీ గుమ్మంలో నిలబడి నా సరుకేదని గొడవపడ్డట్టా?”

నర్సు పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. “ఆ. ఏ పైథాన్‌తో నడుపుతారో దానిచేతే తెప్పించుకోండి,” అంది. మరుసటి వారం నేను మెట్లెక్కుతుంటే పైన ఆవిడ గొంతు వినపడింది: “బస్తాలు ఒక కోల్డ్ స్టోరేజీలో దించి...” ఆ పోలిక నాదని ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పటికీ నాకది బాధే.

మంచి మాటలు చెప్పే స్వభావం కాదు ఆవిడది. మెచ్చుకోవడం నేను వినలేదు. ఒక తప్పు పోయి ఇంకో తప్పు వస్తే మాత్రం మొహం కాస్త వెలిగేది. “మారింది. నడుస్తున్నాం,” అనేది. నేను తల పట్టుకుంటే, “నిన్నటి తప్పే ఇవాళ కూడా చూపిస్తే అప్పుడు దిగులు పడండి,” అని లవంగం బుగ్గ మార్చేది. టీ తెప్పిస్తే తాగేది కాదు. ఫీజు దగ్గర నయాపైసా వదిలేది కాదు. ఆదివారం చర్చికి పోయే దారిలో ఎదురైతే నమస్కారం పెట్టి, ఆగకుండానే, “అది ఏమంది?” అని అడిగేది.

లైబ్రరీ దొరికింది. ఇక గీస్తుందనుకున్నాను. నడిపితే ఏ తప్పూ చూపించలేదు, ఏ బొమ్మా చూపించలేదు. తిన్నగా ముగించి ఊరుకుంది. ఆవిడకి ఫోను చేస్తే, “గీసింది. చూపించమని మీరు అడగలేదు,” అంది. అడిగాను. చూపించింది. ఆ సంతోషంలో కింద ఇంకో వరస చేర్చి ఫైలుగా దాచమన్నాను. ఆ ఫైలు పట్టుకుపోయి జిరాక్సు కొట్లో ప్రింటు తీయిస్తే తెల్లకాగితం వచ్చింది. మిషను పాడైందని జిరాక్సు అబ్బాయితో పెద్ద గొడవ పెట్టుకున్నాను. అతను ఇంకో తెల్లకాగితం తీసి ఇచ్చాడు. రెండూ పట్టుకొని ఆవిడ దగ్గరికి పోయాను.

“ముందు చూపించమని, తర్వాత దాచమన్నారా?” అంది కాగితాలు చూడకుండానే.

“అవును.”

“మీరు చూసి కిటికీ మూయగానే అది చెరిపేసుకుంది. తర్వాత దాచమంటే ఏం దాస్తది, ఉన్న తెలుపు దాచింది. ముందు దాచమనండి. తర్వాత చూపించమనండి.”

కింద మస్తాన్ వింటూనే ఉన్నాడు. దిగుతుంటే, “పెద్దాయనా, తెల్లకాగితం పాడేయకండి, కొలతలు రాసుకుంటా,” అన్నాడు.

ఎట్టకేలకు గ్రాఫు వచ్చింది. నెలవారీ కడ్డీలు. ఆగస్టు ఎత్తు, సెప్టెంబరు ఎత్తు, అక్టోబరు ఇంకా ఎత్తు. అచ్చం ఆఫీసు పట్టికలాగే. నా సీసా, నా లెక్క, నా కష్టం, అన్నీ కలిసి ఆ గుమాస్తానే ఒప్పని చెబుతున్నాయి. బృందం వచ్చేది మర్నాడే. మధ్యాహ్నం ఎండలో పడి సెంటరుకి పోయాను.

“పాడైంది,” అన్నాను. ఈసారి యంత్రం గురించి కాదు.

“ఏమందో చదవండి.”

“ఏముంది చదవడానికి. సెప్టెంబరులో వాన పడిందంది. అక్టోబరులో పడిందంది.”

“అబద్ధమా?”

“నిజమే. నేనే కొలిచాను.”

“మరి నారు ఎప్పుడు చచ్చింది?”

“ఉత్తరలో వాడింది, హస్తలో చచ్చింది. పుబ్బలో తడి చూసి నాటాం. మళ్ళీ చినుకు చిత్తలోనే.”

ఆవిడ ఊగడం ఆపింది. “కార్తెల్లో చెబుతున్నారు. మరి దానిచేత నెలలెందుకు గీయించారు?”

ఆఫీసువాళ్ళు నెలల్లో ఇచ్చారు గనక నేనూ నెలల్లో వేశాను. మా వైపు వానకి నెలలు ఎవరూ వాడరు. ఒక్కో కార్తె పద్నాలుగు రోజులు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, విత్తనమైనా నారైనా వాటిని బట్టే. సెప్టెంబరు మొదట్లో పుబ్బ వాన, అక్టోబరు సగం దాటాక చిత్త వాన. రెండు నెలలూ నిండుగా కనపడ్డాయి. మధ్యలో ఉత్తర, హస్త రెండు కార్తెలూ చుక్క లేకుండా పోయిన సంగతి ఆ రెండు నెలల మధ్య పడి మునిగిపోయింది.

“మా అమ్మ మిరప చేలో కూలికి పోయేది,” అంది ఆవిడ. “హస్త ఎండితే మాకు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆ మాట నాకు లెక్క చెప్పక్కర్లా. మార్చండి.” తన గురించి ఆవిడ నాతో చెప్పిన మాట అదొక్కటే.

మార్చాను. రోజుల లెక్క అంతా ఉంది గనక కార్తెల వారీగా కూడమంటే కూడింది. ఈసారి బొమ్మలో పుబ్బ దగ్గర ఒక కడ్డీ, చిత్త దగ్గర పెద్ద కడ్డీ, మధ్యలో రెండు కడ్డీల చోటు బోసిగా ఉంది. ఊడిన పళ్ళ సందులాగా. ఎవరికైనా అక్కడికే చూపు పోతుంది. నర్సు పిల్లలు కూడా లేచి వచ్చి చూశారు.

అయితే కడ్డీల కింద పేర్లు లేవు. పేర్లుండాల్సిన చోట గళ్ళు. నేను తెలుగులో రాశాను, అది గళ్ళు గీసింది. మొన్న బస్టాండులో చూసినవే.

“పోనీ ఇంగ్లీషులో పెడదామా,” అన్నాను. పొద్దు వాలుతోంది.

“చూసేదెవరు?”

“బృందం.”

“వాళ్ళ వెనక?”

వెనక ఊరు. మా చేలో కూలికొచ్చే కోటమ్మా, ఆమెతో కలుపుకి పోయే ఆడవాళ్ళూ. వాళ్ళకి తెలుగు అక్షరం కూడబలుక్కుంటే వస్తుంది, ఇంగ్లీషు రాదు. “వాళ్ళ కరువుని వాళ్ళు చదువుకోలేని గ్రాఫు నేను ఒప్పుకోను,” అంది ఆవిడ. అప్పుడే మొదటిసారి గొంతు పెంచింది.

లైబ్రరీ తనతో తెచ్చుకున్న అక్షరాల్లో తెలుగు లేదు, అందుకే గళ్ళు. తెలుగు ఫాంటు ఎక్కడుందో దానికి చూపించాలి. చూపించాను. గళ్ళు పోయాయి. “మారింది. నడుస్తున్నాం,” అంది. తీరా చూస్తే అక్షరాలొచ్చాయి గానీ వత్తులు కిందికి దిగలేదు. ప్రతి వత్తూ పక్కకి వచ్చి పూర్తి అక్షరంగా కూర్చుంది. పుబ్‌బ. ఉత్‌తర. హస్‌త. చిత్‌త. మాకు కావాల్సిన పేర్లు నాలుగూ వత్తులవే. వత్తు లేని కార్తెలున్నాయి గానీ కరువు వాటిలో రాలేదు.

ఇంకో ఫాంటు పెట్టించింది. అదే తీరు. ఇంకోటి. అదే. లైబ్రరీ పాతదని కొత్తది తెప్పించింది. అదే. నేను టైపు చేస్తున్నాను, ఆవిడ వెనక ఊగుతోంది. తప్పు మారడం లేదు. ఆవిడ లెక్కలో అదే దిగులు పడాల్సిన ఘడియ. నర్సు పిల్లల్లో ఒకమ్మాయి, “వేరేదాంట్లో టైపు చేసి కోసి అతికిద్దాం టీచరమ్మా,” అంది. “అతికించింది ఆఫీసరు చేతిలోనే ఊడిపోయిద్ది,” అంది ఆవిడ.

మస్తాన్ కిందనుంచి, “ఐదింటికి కరెంటు పోయిద్ది, ప్రింటుకి పోయేవాళ్ళు పొండి,” అని కేకేశాడు.

ఆవిడ చేతులు విడిచింది. కీబోర్డు మీదికి వస్తుందేమోనని పక్కకి జరిగాను. రాలేదు. “పేర్లు తీసెయ్యండి. కడ్డీలు ఉంచి, కింద చోటు వదలండి. పెద్ద కాగితం మీద తీయించుకు రండి,” అంది. పరుగున పోయి తెచ్చాను. జిరాక్సు అబ్బాయి ఆ రోజు నాతో మాట్లాడలేదు, కాగితం చేతికిచ్చాడు.

ఆవిడ మస్తాన్ కొట్లోకి దిగి, గుడ్డ కత్తిరించే బల్ల మీద కాగితం పరిపించింది. లావు పెన్ను తీసుకొని వంగింది. కడ్డీల కింద ఒక్కొక్క పేరే రాసింది. మెట్ల గోడ మీద ఉన్న గుండ్రటి అక్షరాలే. హస్త రాసేటప్పుడు స కింద తవత్తుని నెమ్మదిగా చుట్టింది.

“ఓడిపోయాం కదమ్మా,” అన్నాను.

“ఎవరు? దానికి రాదంది. మనకొచ్చు,” అని పెన్ను మూత పెట్టింది.

మర్నాడు బడి వరండాలో బృందం కూర్చుంది. జిల్లా ఆఫీసరు పట్టిక చదివాడు. మామూలు, మామూలు అని. నేను కాగితం విప్పి ఇద్దరి చేత పట్టించాను.

“ఏంటండీ ఇది, కంప్యూటర్ గ్రాఫు కింద చేతిరాత?” అన్నాడాయన.

వెనకనుంచి కోటమ్మ ముందుకొచ్చి కాగితం మీద వేలు పెట్టింది. “పుబ్బ,” అని చదివింది. వేలు జరిపింది. “ఉత్తర. ఇక్కడ ఏం లేదు. హస్త. ఇక్కడా ఏం లేదు.” వేలు అక్కడే ఉంచి ఆఫీసరు వంక తిరిగింది. “ఇదిగో సార్, ఇక్కడే మేం పస్తులున్నది. మీరు నెలల్లో చూస్తే మీకెట్టా కనపడిద్ది?”

ఆమె వెనక ఇంకొకామె చదివింది. ఇంకొకామె. కూడబలుక్కుంటూ, వేలు ఒక్కొక్క పేరు మీద పెట్టుకుంటూ. వరండా అంతా కార్తెల పేర్లే. ఆయన అందరూ చదివేదాకా కూర్చున్నాడు. కూర్చోక తప్పలేదు.

అయ్యాక ఆయన గుమాస్తా సాఫ్ట్ కాపీ పంపమన్నాడు. కంప్యూటర్‌లో ఉన్నదానికి పేర్లు లేవు, ఒట్టి కడ్డీలు. టీచరమ్మకి ఫోను చేశాను.

“ఆ కాగితాన్నే ఫొటో తీసి పంపండి,” అంది.

“ఫొటోలు వద్దంటావు కదమ్మా.”

“ఇది తప్పు కాదుగా. హస్త అని చదివారా వాళ్ళు?” అంది.

“చదివారు.”

“సరే,” అని పెట్టేసింది.

రెండో జాబితాలో మా మండలం పేరొచ్చింది. మా బొమ్మ వల్లే వచ్చిందని నేననను. ఎమ్మెల్యే తనవల్లే వచ్చిందని ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. అందులో వత్తులన్నీ చక్కగా పడ్డాయి.

నా పని అక్కడితో అయిపోయింది. ఆవిడ పని అవలేదు. ఆ లైబ్రరీ చేసేవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారట, ఎవరైనా రాసి తప్పు చెప్పొచ్చట. ఆవిడ రాసింది. ‘హస్త’ అని ఎలా రావాలో, ఎలా వస్తోందో పక్కపక్కన పెట్టి రాసింది. మర్యాదగా జవాబొచ్చింది, తెలిసిన సమస్యేనని, కష్టమైన పనని, చూస్తామని. మర్యాదగా జవాబు చెప్పి పని ఆపేవాళ్ళని నేను జీవితమంతా చూశాను గనక నాకు మండింది. ఆవిడకి మండలేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా తెప్పించి ఒక్క మాట రాయించేది. హస్త. తర్వాత నాకు ఫోను. “ఇంకా విడిగానే ఉన్నాయి బాబాయిగారూ.” అంతే, ఇంకో మాట ఉండేది కాదు. మస్తానయితే ఆవిడ మెట్లు దిగుతుంటే, “ఏంది టీచరమ్మా, వాళ్ళిద్దరూ ఇంకా కలవలా? పెద్దమనుషుల్ని పెట్టకపోయారా,” అని స, త గురించి అడిగేవాడు. ఆవిడ నవ్వకుండానే, “పెట్టాను. చూస్తామన్నారు,” అనేది.

మొన్న బస్టాండు నుంచి ఇంటికొచ్చి చాలాకాలానికి లాప్‌టాప్ తెరిచాను. ఆవిడ పోయాక తెరవలేదు. లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చి ఉంది. తెప్పించాను. ఏ పైథాన్‌లోకి వస్తోందో ముందే చూసుకున్నాను. తెలుగు ఫాంటు చూపించాను. హస్త అని రాసి, ముందు దాచమని, తర్వాత చూపించమన్నాను.

కలిసి ఉంది. స కింద తవత్తు, ఎక్కడుండాలో అక్కడే.

మర్నాడు పొద్దున్నే ప్రింటు తీయించి మస్తాన్ కొట్టుకి పట్టుకుపోయాను. కళ్ళజోడు పెట్టుకొని చూశాడు. కాగితం దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి.

“కలిశాయి,” అన్నాడు.

“కలిశాయి.”

“టీచరమ్మ రాసిందే బాగుండేది,” అన్నాడు. కోపమొచ్చి ఏదో అనబోయాను. ఆయన అప్పటికే గుండుసూదులు తీసుకొని కాగితాన్ని కొలతల చీటీల పక్కన గోడకి గుచ్చుతున్నాడు.

పైన సెంటరు ఇప్పుడు లేదు. రక్తపరీక్షలకి నమూనాలు తీసుకునే గది వచ్చింది. వాళ్ళు కొత్త బోర్డు పెట్టుకున్నారు గానీ మెట్ల పక్క గోడకి సున్నం వెయ్యలేదు. నీలం అక్షరాలు అలాగే ఉన్నాయి. నేను బయటికి వస్తుంటే ఒక ముసలామె చెప్పులు విడిచి, డాక్టరు చీటీ పట్టుకొని మెట్టెక్కబోయి ఆగింది. గోడ మీద రాత కూడబలుక్కొని చదివింది. చీటీ వంక చూసింది. నా వంక చూసింది.

“చదువుకొని పైకి రమ్మన్నారయ్యా. ఇందులో ఏమందో కాస్త చెప్తావా?”

చీటీ తీసుకొని వెలుతురు వైపు తిరిగాను. కిందనుంచి మొదలుపెట్టాను.